వంటింటి పరీక్ష

వర్క్‌షాపులో వదిన, పోలీసు రేడియో సెట్లు బాగుచేసే టెక్నీషియన్. కంట్రోల్ రూములో ఆడపడుచు. మధ్యలో ఫోను. ఇద్దరి దగ్గరా రేడియో మోగుతోంది. గీతతో మొదలయ్యేవి అందులోంచి వచ్చే మాటలు.

"...పాడుతున్నాడు వదినా! పాట! పోలీసు చానల్లో, రాగం తీసి మరీ!"

"వినిపిస్తోంది గంటమ్మా, నా బల్ల మీదా సెట్టుంది. ఎవరో బటన్ నొక్కి వదిలేశారు. ఏ జీపు సీటు సందులోనో ఇరుక్కునుంటుంది."

"నేను ఇక్కణ్ణించి ఎంత అరిచినా వినడా?"

"ఎలా వింటాడు? బటన్ నొక్కి ఉన్నంతసేపూ ఆ సెట్టుకి నోరే గానీ చెవులుండవు. అది వదిలేదాకా ఇంకెవరి మాటా పోదు."

"అంటే ఒక్కడు పాడితే ఊళ్లో పోలీసులందరూ నోరు మూసుకోవాల్సిందేనా?"

"పాత సెట్లంతే. నీకు తెలీనట్టు అడుగుతావేంటే?"

"పక్కన పెద్దాయన ఉన్నారు వదినా. ఆయన కోసం అడిగా."

"అప్పుడే వచ్చేశారా? సంతకం పెట్టేశారా?"

"పెన్ను మూత తీశారు. సరిగ్గా అప్పుడే ఈ పాట మొదలైంది."

"నా ఖర్మ! ఆ సంతకం పడితే కొత్త సెట్లొస్తాయి, పాతవాటి మాట మోసే కొండ మీద రిపీటరు ఆగిపోతుంది. నా వర్క్‌షాపుకి తాళం. నన్ను ఎక్కడో ఊరు చివర స్టోరుకి బదిలీ చేస్తారు, పాత కుర్చీలు లెక్కపెట్టుకోమని. ఇవాళ ఒక్కరోజు పాత సెట్లు బుద్ధిగా ఉంటే చాలనుకున్నా. ఈ గానగంధర్వుడు ఎక్కణ్ణించి దాపురించాడు?"

"కొత్త సెట్లమ్మే కంపెనీ టై ఆయన కూడా ఇక్కడే ఉన్నాడు. నవ్వుతున్నాడు. ‘చూశారా సార్, పాతవాటి దరిద్రం ఇదే, ఒక్కడు నొక్కితే ఊరంతా బందు. మా కొత్త సెట్లలో ఈ బాధే లేదు’ అంటున్నాడు."

"ఆ మాట నిజమేనే! అందుకే ఏడుపొస్తోంది."

"ఏడవకు. పాట ఆపాడు, విను."

— ...కాలు కొంచెం ఎడంగా పెట్టండి మాస్టారూ. ఆఁ. ఊపిరి బిగబట్టకండి, కొలత తప్పొస్తుంది...

"కొలతలేంటి? ఎవరీయన, డాక్టరా?"

"డాక్టరు దగ్గర టకటకమని చప్పుడెందుకొస్తుంది వదినా?"

"అది కుట్టుమిషను. మధ్యలో కీచుమంటోంది చూడు. నూనె వెయ్యక... ఆగు. ఆగాగు. ఆ కీచు నాకు తెలుసు."

"కీచు తెలియడమేంటి?"

"నూనె వెయ్యండి మహానుభావా అని నెల్లాళ్లుగా పోరుతున్నా! గంటమ్మా, అది మా మిషను!"

"మీ మిషనా?"

"ఆ గొంతు మీ అన్నయ్యది!"

"ఛ! మా అన్నయ్య పాడతాడా?"

"పెళ్లయిన ఇన్నేళ్లలో నేనెప్పుడూ వినలేదు. నేను గుమ్మం దాటితే ఇంట్లో కచేరీ జరుగుతుందని నాకేం తెలుసు! అందుకే పోల్చుకోలేకపోయా, పైగా సెట్టులో ఎవరి గొంతైనా ముక్కుతో మాట్లాడినట్టే ఉంటుంది."

"వదినా, మరి సెట్టు మీ ఇంట్లోకెలా..."

"మెల్లగా అను! నేనే తీసుకెళ్లా. దాని స్పీకరు బాగుచేశా, పరీక్ష చేద్దామని."

"వంటింటి పరీక్షకా?"

"ఇంకెందుకు? ఊళ్లో అందరికంటే లోతున ఉండేది మన పల్లం. ఆ పల్లంలో, నా వంటింట్లోంచి నీ దాకా మాట వచ్చిందంటే ఇక ఎక్కణ్ణించైనా వస్తుంది. బాగుచేసిన ప్రతి సెట్టునీ అలాగే కదా చూస్తా."

"‘గంటా, గంటా, వంటిల్లు మాట్లాడుతోంది’ అని."

"నవ్వకు. దానికి అనుమతి ఉందా? లేదు. సర్కారు సెట్టు ఇంట్లో దొరికితే ఏమంటారో తెలుసా?"

"ఏమంటారు?"

"పోలీసు కంట్రోల్ రూములో కూర్చుని నువ్వు నన్నడుగుతున్నావా! ముందు ఆయనకి ఫోన్ కొట్టు."

"కొట్టా. ఇంటి ఫోను ఎంగేజ్."

"మళ్లీ కొట్టు."

"మళ్లీ ఎంగేజ్. పల్లంలో సెల్లులు పలకవు, ఉన్నదొక్కటే తీగ ఫోను. నన్నేం చెయ్యమంటావు?"

"పోనీ జీపులన్నిటినీ రెండో చానల్‌కి మారమను. కనీసం ఆయన మాటలు ఊరంతా వినకుండా ఉంటుంది."

"జీపుల్లో పరీక్షకి పెట్టిన కొత్త సెట్ల మీద ఆ ముక్క చెప్పా వదినా. ఒక్క జీపు కదల్లేదు. పాత సెట్లు ఇంకా పీకలేదు కదా, అందరూ ఇదే వింటున్నారు. ట్రాఫిక్ వాళ్లయితే బండి పక్కకి తీసి, సౌండు పెంచుకుని మరీ కూర్చున్నారట."

— ...ఆ ఖాకీ ప్యాంటా? అది పెద్దాయనది మాస్టారూ. అవును, మన పోలీసు పెద్దాయనదే. చెప్పకూడదు గానీ...

"చెప్పకూడదంటే చెప్పకండి! గంటమ్మా, చెప్పొద్దనవే!"

"ఆ సెట్టుకి చెవుల్లేవని నువ్వే కదా అన్నావు!"

— ...మీరు పైకి అనకండి. ఏటా నడుము రెండు వేళ్ల వెడల్పున పెరుగుతోంది. చీటీ మీద మాత్రం పాత అంకే వెయ్యమంటారు. వేస్తా, నాకేం పోయింది! లోపల మడత విప్పి వదులుగా కుడతా. ఆయన వేసుకుని అద్దంలో చూసుకుని ‘చూశావా, నేనేం మారలేదు’ అంటారు. అస్సలు మారలేదు సార్ అంటా...

"గంటమ్మా, ఉన్నావా?"

"ఉన్నా."

"ఆయన మొహం ఎలా ఉందే?"

"నేను చూడను. నేను తెర వైపే చూస్తున్నా. ఈ గదిలో ఎవ్వరూ ఎవ్వరి వైపూ చూడట్లేదు వదినా."

"టై ఆయన?"

"దగ్గుతున్నాడు. అంటే, అది దగ్గు కాదు."

"ఒక్కసారి ఓరగా చూడు, నీకు పుణ్యముంటుంది."

"ఊఁ... లేచి నిలబడ్డారు. బెల్టు సర్దుకున్నారు. అందరూ చూస్తున్నారని పొట్ట లోపలికి పీల్చారు. పీల్చి మళ్లీ వదల్లేదు. అలాగే బిగబట్టి ఉన్నారు పాపం."

"అయిపోయాం. మన ఇంటిల్లిపాదీ అయిపోయాం."

"మాట్లాడుతున్నారు, ఉండు... ‘వీడు ఎక్కణ్ణించి వాగుతున్నాడో కనిపెట్టండి’ అన్నారు. కొత్త సెట్టయితే దాని నంబరు తెర మీద పడేదని టై ఆయన అందుకున్నాడు."

"పాతదానికి నంబరు పడదు. ఆ ఒక్కందుకు బతికిపోయా. మీ అన్నయ్య తనంతట తను చెప్తే తప్ప..."

— ...ఎండా? మా పల్లంలోకి ఎండ దిగేసరికి మీకు మధ్యాహ్నమవుతుంది మాస్టారూ. మెట్ల పక్క మూడో ఇల్లు కదా, నీడలోనే బతుకు...

"చెప్పేశాడు! పిన్‌కోడుతో సహా చిరునామా ఇచ్చేశాడు!"

"‘పల్లం అన్నాడు, జీపు పంపండి’ అంటున్నారు వదినా. ఎస్సై గారు కొత్త సెట్టు పట్టుకుని బయల్దేరారు."

"గంటమ్మా, నేను రిపీటరు ఆపేస్తున్నా."

"ఏంటీ?"

"స్విచ్చి ఇక్కడే ఉంది, నా చెయ్యి దాని మీదే ఉంది. ఆయన సెట్టు మాటని పట్టుకుని ఊరంతా మోసేది ఆ రిపీటరే కదా. అది ఆగితే ఆయన మాట మా సందు కూడా దాటదు. పెద్దాయన అడిగితే కాలిపోయిందంటా."

"వద్దు! వద్దు వదినా, వద్దొద్దొద్దు!"

"ఎందుకంత కేక?"

"కాదు, అంటే, ఇప్పుడు ఆగితే ‘పాతది చచ్చింది చూశారా’ అని టై ఆయనే పెద్దాయన చేతికి పెన్నందిస్తాడు. చెయ్యి తియ్యి. తీశావా?"

"తీశా. ఇప్పుడు ఆపకపోతే నేను స్టోరుకి కాదు, లాకప్పుకి పోతా."

— ...మా చెల్లెలా? కంట్రోల్ రూములో చేస్తుంది మాస్టారూ. మేం గంట అంటాం. ఊళ్లో ప్రతి పోలీసూ ఆ గొంతుకి సెల్యూట్ కొట్టాల్సిందే...

"విన్నావా వదినా? అన్నయ్యకి నేనంటే ప్రాణం."

— ...అదంతా పగలు. పడుకుందంటే మాత్రం, అబ్బో! ఆ గురకకి గోడ మీద గడియారం ఊగుతుంది. మొన్న మా ఇంట్లో పడుకుంటే, ఆ వేళప్పుడు మిషను తొక్కుతావేంటని పక్కింటాయన నా మీద తగాదాకొచ్చాడు...

"ఆపెయ్ వదినా! స్విచ్చి నొక్కెయ్! ఇప్పుడే!"

"ఇందాక వద్దన్నావు?"

"ఇందాక వేరు!"

"గడియారం ఊగుతుందట గంటమ్మా. మిషను అనుకున్నాడట. హహ్హ, అయ్యో, నాకు కడుపులో నొప్పొస్తోంది..."

"ఊరంతా వింది! ట్రాఫిక్ వాళ్లు కూడా విన్నారు! టై ఆయన అయితే చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నాడు!"

"సరే, నొక్కేస్తున్నా."

"నొక్కు! ఆఁ... కాదు. వద్దు. వద్దులే వదినా. ఓర్చుకుంటా."

"నువ్వా? ఓర్చుకోవడమా? ఒంట్లో బాగానే ఉందా?"

"విను, ఇప్పుడు నీ సంగతికొచ్చాడు."

— ...మా ఆవిడా? ఆమె సెట్లతో మాట్లాడుతుంది మాస్టారూ. ‘ఏమ్మా, గొంతు బొంగురుపోయిందా? తడిసిపోయావా తల్లీ?’ అని. నాకు జ్వరమొస్తే మాత్రం ‘మాత్ర డబ్బాలో ఉంది’ అంటుంది...

"అబద్ధం! నీళ్లు కూడా ఇచ్చా!"

— ...కానీ మాస్టారూ, పోయిన వానలకి మా పల్లంలోకి నీళ్లొచ్చాయి కదా. కరెంటు లేదు, ఫోన్లు చచ్చాయి. ఆమె వంటింటి గట్టెక్కి కూర్చుంది, కాళ్లు నీళ్లలోనే. చేతిలో ఈ డొక్కు సెట్టు. అవతల మా గంట. ఈమె ఇల్లు చెప్పడం, గంట పడవ పంపడం. మెట్ల మీద ముసలమ్మ దగ్గర్నుంచి మూల ఇంట్లో చంటిదాని దాకా ఒక్కళ్లు పోలేదు. ఇప్పుడు ఈ సెట్లని పారేస్తారట. మా ఆవిడ ఆ సంగతి నాకు చెప్పదు. కూర మాడ్చేస్తుంది, అంతే. నాకు అర్థమైపోతుంది...

"వదినా?"

"ఏం లేదు. ముక్కు. దుమ్ము ఇక్కడ."

"ఇక్కడా దుమ్మే. పెద్దాయన పెన్ను బల్ల మీద పెట్టారు."

"జీపు ఏమైంది? వెళ్లి తలుపు కొట్టిందా?"

"అదే తెలీట్లేదు. పల్లంలోకి దిగేదాకా ఎస్సై గారు కొత్త సెట్టులో బ్రహ్మాండంగా మాట్లాడారు. దిగాక ఉలుకూ లేదు పలుకూ లేదు. పెద్దాయన తనే పట్టుకుని ‘ఎక్కడున్నావయ్యా?’ అని పిలుస్తున్నారు. ఇప్పుడు టై ఆయన తీసుకున్నాడు. పిలిచాడు. ఊపాడు."

"ఊపాడా?"

"మందు సీసా ఊపినట్టు ఊపాడు. కిటికీ దగ్గరికెళ్లి పైకెత్తాడు. బల్ల ఎక్కేలా ఉన్నాడు... ఉండుండు, పక్క ఫోను మోగుతోంది. ఎస్సై గారే."

"ఏమంటున్నారే? గంటమ్మా, చెప్పు!"

"ఆయాసపడుతున్నారు. మెట్లన్నీ పరుగెత్తుకుంటూ ఎక్కి వచ్చి సెల్లులో చేశారట. ‘సార్, కింద కొత్త సెట్టు పలకట్లేదు. ఇల్లు దొరికింది, టైలరు ఇల్లు. నాది కూడా ఓ ప్యాంటు అక్కడే ఉంది. ఏం చెయ్యమంటారు?’ అంటున్నారు."

"ఏం చెయ్యమన్నారు?"

"ఓ చెవి అన్నయ్య పాటకి వేశారు, మళ్లీ మొదలుపెట్టాడుగా. చేత్తో కొత్త సెట్టు పట్టుకుని దాన్నే చూస్తున్నారు... వదినా, ఆ ఇల్లెవరిదో చెప్పా."

"చెప్పావా!"

"అడిగారు మరి! ఇటే వస్తున్నారు. ఫోన్ ఇమ్మంటున్నారు."

"నేను లేనని చెప్పు. బయటికెళ్లిందను. చచ్చిపోయిందను!"

"మీరు ఉన్నారమ్మా. వినిపిస్తూనే ఉంది."

"స... సార్! నమస్కారం సార్!"

"ఆ టైలరు మీవారా?"

"అవును సార్. మంచివారే సార్. నోరు మాత్రమే..."

"ఆ సెట్టు ఎవరిది?"

"నాదే సార్. కాదు, మీదే సార్. అంటే మన... సర్కారుది సార్. పరీక్షకని తీసుకెళ్లా సార్."

"ఇదంతా మీరు కావాలని చేయించింది కాదు కదా?"

"అయ్యో! నేనా సార్? ఒట్టు సార్! మా వారు పాడతారనే నాకు ఇవాళ తెలిసింది సార్!"

"సరే సరే. ఈ కంగారు ఎవరూ నటించలేరు. కొత్త సెట్టు మీ వంటింట్లో పెట్టి చూశారా?"

"చూశా సార్. ఒక్క మాట కూడా బయటికి రాలేదు. మీటింగులో చెప్పా సార్. వంటింట్లో నేరాలు ఎవరు చేస్తారమ్మా అని అందరూ నవ్వారు."

"నేనూ నవ్వాను, గుర్తుంది. ఇప్పుడు వినండి. నా నడుము సంగతి మీ వంటింట్లో బయల్దేరి ఊళ్లో ప్రతి జీపులోనూ తిరిగొచ్చింది. అదే వంటింటి ముందు నిలబడి నా ఎస్సై కొత్త సెట్టులో ఎంత అరిచినా నాకు వినపడలేదు. అవునా?"

"అ... అవును సార్."

"పెన్నుకి మూత పెట్టేశాను. మీ పల్లంలో కొత్తవి పలికేదాకా కొండ మీద రిపీటరు ఆగదు. మీరు ఎక్కడికీ వెళ్లరు. వంటింటి పరీక్ష పాసవ్వందే ఒక్క కొత్త సెట్టు కూడా తీసుకోం. ఈ కంపెనీ ఆయనకి కూడా చెప్పాను, తల ఊపాడు."

"సార్! సార్, నేను..."

"ఇకమీదట అనుమతి తీసుకుని ఇంటికి పట్టుకెళ్లండి."

"అలాగే సార్!"

"ఇంకొకటి."

"చెప్పండి సార్."

"ఆ ప్యాంటు... ఆయన రోజూ కుట్టినట్టే కొంచెం వదులుగా ఉంచమనండి. ఇదిగో, మీ ఆడపడుచు."

"వదినా! వదినా వదినా వదినా!"

"గంటమ్మా! విన్నావా? వంటింటి పరీక్ష అన్నారే! ఆయన నోటితో అన్నారే!"

"విన్నా! టై ఆయన మీ ఇంటి దారి అడుగుతున్నాడు!"

"రమ్మను! కాఫీ పెట్టిస్తా! నేను బల్ల మీద కూర్చుని కాళ్లు ఊపుతున్నానే, ఎవరైనా చూస్తే బాగోదు. ఎవరు చూస్తారులే! మీ అన్నయ్యకి ఇవాళ పాదపూజ చేసినా తప్పులేదు. అబ్బ, ఇంకా పాడుతూనే ఉన్నాడు చూడు. ఏం బ్యాటరీయే బాబూ..."

"సరే వదినా, నాకు పనుంది, పెట్టేస్తా."

"ఆగు. ఇంతసేపు ఎలా వచ్చింది బ్యాటరీ?"

"వస్తుందిలే."

"రాదే. నేను దాని బ్యాటరీ తీసి విడిగా పెట్టా. సెట్టేమో గిన్నెల వెనక పెట్టా. మీ అన్నయ్యకి కళ్లెదుట ఉన్న ఉప్పు డబ్బా కనపడదు. గిన్నెల వెనక సెట్టు కనిపించిందా? దానికి బ్యాటరీ దొరికిందా?"

"అదృష్టం వదినా."

"ఫోను ఇందాకణ్ణించీ ఎంగేజ్. అంటే ఎత్తి పక్కన పెట్టాడు."

"మర్చిపోయుంటాడు."

"ఆ మాస్టారెవరు? ఇంతసేపట్లో ఒక్క ముక్క మాట్లాడలేదు. కనీసం ఊఁ అని కూడా అనలేదు."

"సిగ్గరేమో."

"మాస్టారు కాదే అది! మూల నిలబెట్టిన, బట్టలు తొడిగి చూసే కుట్టుబొమ్మ! దానికి ఊపిరి బిగబట్టొద్దని చెప్పాడు మీ అన్నయ్య!"

"వదినా, మెల్లగా. పెద్దాయన ఇంకా వరండాలోనే ఉన్నారు."

"పొద్దున్న నువ్వు మా ఇంటికొచ్చావు, టిఫిన్ డబ్బా మర్చిపోయానని. నేను స్నానంలో ఉన్నా. నువ్వెళ్లాక చూస్తే డబ్బా గట్టు మీద అలాగే ఉంది. గంటమ్మా... పలకవేం? గంటమ్మా!"

"సరే, బ్యాటరీ వేసింది నేనే, బటన్‌కి రబ్బరు బ్యాండు చుట్టింది నేనే, నీకు చెప్తే నీ మొహంలో తెలిసిపోతుందని చెప్పొద్దన్నదీ నేనే. కానీ ఒట్టు వదినా, ఏదో ఒకటి ఆపకుండా మాట్లాడుతూ ఉండు అన్నయ్యా అన్నానే తప్ప, నా గురక సంగతి చెప్పమని మాత్రం అనలేదు!"